మద్యం, గంజాయి, నకిలీ మద్యం, పురుగుమందు: తిరుపతి, చిత్తూరు జిల్లాల కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

తాగుడు, గంజాయి, మత్తు బిళ్లల గురించి ఇంట్లోవాళ్లు అడిగేవాటిలో చాలా ప్రశ్నల వెనక ఉండేది జబ్బు కాదు, భయం. పోలీసులకు తెలుస్తుందేమో, నలుగురిలో పరువు పోతుందేమో, పిల్లాడి చదువు ఆగిపోతుందేమో అని. వీటిలో చాలా భయాలకు చట్టంలోనే జవాబు ఉంది, జబ్బుకు ప్రభుత్వాసుపత్రిలో మందు ఉంది. ఆ సంగతి తెలియక ఇంట్లోనే గడిపేసే గంటలే ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ఇక్కడ చట్టాన్ని, వైద్యాన్ని కలిపే చెబుతున్నాం.

మా ఆయన రోజూ ఒక క్వార్టర్ మాత్రమే తాగుతాడు. ఇది కూడా వ్యసనమేనా?

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దుకాణాల్లో అమ్మే బ్రాందీ, విస్కీ, రమ్ముల్లో మద్యసారం సాధారణంగా 42.8 శాతం ఉంటుంది. లెక్క కడితే ఒక క్వార్టర్‌లో దాదాపు 61 గ్రాముల శుద్ధ మద్యసారం ఉన్నట్టు. డాక్టర్లు 10 గ్రాములను ఒక యూనిట్‌గా తీసుకుంటారు కాబట్టి ఆయన రోజుకు ఆరు యూనిట్లు తాగుతున్నాడు. "బీరే కదా" అనుకునేవాళ్లకూ ఒక లెక్క ఉంది. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 41 గ్రాములుంటాయి.

అయితే వ్యసనాన్ని తేల్చేది కొలత ఒక్కటే కాదు, పొద్దున పూట మనిషిని గమనించండి. లేవగానే టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి టీ ఒలుకుతోందా? అది కనబడకూడదని గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటున్నాడా? చెమటలు, ఓకారం, చిరాకు ఉండి, ఒక పెగ్గు పడగానే అన్నీ సర్దుకుంటున్నాయా? అలా అయితే శరీరం మద్యానికి అలవాటు పడిపోయింది. ఇక మీరు తిట్టినా, ఆయన ఒట్టు పెట్టుకున్నా పని జరగదు. డాక్టరు చూడాలి.

మాల వేసుకుని, లేదా కొండకు మొక్కుకుని ఒక్కసారిగా మానేస్తే మంచిదే కదా?

మానాలన్న సంకల్పం చాలా విలువైనది, దాన్ని వదులుకోవద్దు. ప్రమాదమల్లా రోజూ ఎక్కువగా తాగే మనిషి డాక్టరుకు చూపించుకోకుండా ఒక్కసారిగా ఆపేయడంలోనే ఉంది. చివరి పెగ్గు తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చలిస్తుంది. లేనివి కనిపిస్తాయి, ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టు దులుపుకుంటారు, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టరు, జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. ఈ స్థితికి చికిత్స అందకపోతే మనిషి చనిపోవచ్చు.

అయ్యప్ప మాల 41 రోజుల దీక్ష. వేసుకున్న రెండో రోజో మూడో రోజో మనిషి వింతగా మాట్లాడితే "స్వామి పూనాడు" అనో, "గాలి సోకింది" అనో అనుకుని దిష్టి తీయిస్తూ కూర్చోవద్దు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి, ఆపైన క్యూలో గంటల తరబడి నిలబడే భక్తుల్లోనూ ఇదే జరగవచ్చు. తిరుమల మీద మద్యం, పొగాకు నిషేధం కాబట్టి తాగుడు ఆగిన గంటలు అప్పటికే చాలా అయి ఉంటాయి. పైన అయితే అశ్విని ఆసుపత్రికి, కింద అయితే తిరుపతిలోని రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి, "రోజూ తాగేవాడు, ఫలానా టైంకు ఆపాడు" అని మొట్టమొదట చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు చేసే వైద్యమే మారిపోతుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, మాల వేసుకునే తేదీకి కనీసం రెండు వారాల ముందు మానసిక వైద్య విభాగానికి వెళ్లడం. వణుకును, ఫిట్స్‌ను ఆపే మందును మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తారు. ఆ తర్వాత నిశ్చింతగా దీక్ష తీసుకోవచ్చు.

తాగుడు ఆపాక నీరసపడ్డాడు. ఊళ్లోనే గ్లూకోజ్ ఎక్కించవచ్చా?

వద్దు. ఏళ్ల తరబడి తాగి, సరిగా తినని మనిషి ఒంట్లో థయామిన్ అనే బి1 విటమిన్ దాదాపు అడుగంటిపోయి ఉంటుంది. గ్లూకోజును వాడుకోవడానికి మెదడుకు ఆ విటమిన్ కావాలి. అది ఇవ్వకుండా గ్లూకోజ్ బాటిల్ పెడితే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి, చూపు చెదరడం, నడక తూలడం, మతి తప్పడం మొదలవుతాయి. కొందరికి జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతింటుంది. ముందు థయామిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. ఎక్కడ చూపించినా "థయామిన్ ఇచ్చారా?" అని అడగండి. అలా అడగడం మీ హక్కు, ఎవరూ తప్పుపట్టరు.

ఆయనకు తెలియకుండా సాంబారులో కలిపే మందు ఉందట. వాడొచ్చా?

వాడొద్దు. నాటు మందు పేరుతో, పొడి పేరుతో అమ్మేవాటిలో డైసల్ఫిరామ్ కలిపి ఉండే అవకాశం ఉంది. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ల ప్రాణమే పోవచ్చు. చివరి బిళ్ల వేసుకున్నాక కూడా రెండు వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. మనిషికి విషయమంతా చెప్పి, ఒప్పించి, లివర్, గుండె పరీక్షలు చేయించాకే డాక్టర్లు ఈ మందు ఇస్తారు. దొంగచాటుగా పెట్టడం వైద్యం కాదు, పైగా సంగతి బయటపడిన రోజు ఆయన మీ చేతి అన్నం కూడా నమ్మడు.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు ఎంతవుతుంది?

తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్లు ముందు జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడగండి. ప్రభుత్వాసుపత్రిలో ఓపీకి, మందులకు డబ్బు కట్టక్కర్లేదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాల్లో కూడా చికిత్స ఉచితమే. మీకు దగ్గర్లో ఏది ఉందో 14446 నంబరుకు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. అది మత్తు విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్. రాత్రి పూట మనసు కుంగి, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే ఫలితాలు 2019లో వచ్చాయి. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక సాయం పొందారని, ఆసుపత్రిలో చేరి వైద్యం తీసుకున్నవాళ్లు 180 మందిలో ఒక్కరని అందులో తేలింది. మిగతావాళ్లంతా ఇళ్లలో, మనలాంటి కుటుంబాల మధ్య ఉన్నారు.

మావాడు గంజాయి తాగుతున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందా?

చికిత్స కోసం వచ్చిన మనిషిని పట్టించడం ఆసుపత్రి పని కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో సెక్షన్ 64ఎ సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే ఉంది. వాడకం కేసుగానీ, తక్కువ పరిమాణం దొరికిన కేసుగానీ ఉన్న బానిస తనంతట తాను ప్రభుత్వాసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చేరి చికిత్స తీసుకుంటే, ఆ నేరానికి అతన్ని విచారించకూడదు. షరతు ఒక్కటే, చికిత్స మధ్యలో వదిలేస్తే ఈ రక్షణ పోవచ్చు. అందుకే ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితం, ప్రతి ఫాలోఅప్ తేదీ ముద్ర భద్రంగా దాచండి. ఇక్కడ చాలా కుటుంబాలు పొరపాటు చేస్తాయి. చికిత్స చేయించి, కాగితాలు పారేస్తాయి.

అమ్మేవాళ్లకు ఈ రక్షణ వర్తించదు. గంజాయి విషయంలో ఒక కిలో వరకు తక్కువ పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. తక్కువ పరిమాణానికి ఏడాది వరకు జైలు, మధ్యలో ఉన్నదానికి పదేళ్ల వరకు, వాణిజ్య పరిమాణానికి పది నుంచి ఇరవై ఏళ్లు. "ఈ బ్యాగు రేణిగుంటలో ఒకరికి ఇచ్చెయ్, ఐదు వేలు ఇస్తా" అన్న మాటకు లొంగిన కుర్రాడు చట్టం కళ్లకు రవాణాదారుడే, తాను ఎన్నడూ తాగకపోయినా సరే. ఈ సంగతి మీ పిల్లలకు అంకెలతో సహా చెప్పండి.

గంజాయి ఆపితే మద్యంలాగా ఫిట్స్ రావు. ఒకటి రెండు వారాలు నిద్ర పట్టదు, కోపం, ఆకలి లేకపోవడం ఉంటాయి. కానీ ఎవరో తనను వెంటాడుతున్నారని, తన గురించే మాట్లాడుకుంటున్నారని అంటుంటే మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించండి.

మందుల షాపులో నొప్పి బిళ్లలు, నిద్ర బిళ్లలు కొని వాడుతున్నాడు. చట్టప్రకారమే అమ్ముతున్నారు కదా?

చీటీ లేకుండా అమ్మడం చట్టప్రకారం కాదు. ట్రమడాల్ అనే నొప్పి బిళ్లను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. అల్ప్రాజొలమ్ అనే నిద్ర బిళ్ల కూడా ఆ చట్టం కిందిదే. ఈ రెండూ హెచ్1 జాబితాలో ఉన్నాయి. అంటే డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన బిళ్లల సంఖ్య షాపువాళ్లు వేరే రిజిస్టరులో రాసి, దాన్ని మూడేళ్లు ఉంచాలి. రాయకుండా అమ్ముతుంటే డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయండి. ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా ఉంచితే వాటి మీది బ్యాచ్ నంబరు పనికొస్తుంది.

నిద్ర బిళ్లలు ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ వస్తాయి. డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి. నొప్పి బిళ్లలు, మత్తు ఇంజెక్షన్లు ఎక్కువైతే కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఊపిరి మందగిస్తుంది, పెదవులు నీలం తిరుగుతాయి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. నలోక్సోన్ అనే విరుగుడు ఆసుపత్రిలో ఉంటుంది, సమయానికి పడితే నిమిషాల్లో ఊపిరి అందుతుంది.

కల్లు ఆరోగ్యానికి మంచిదే అంటారు కదా?

చెట్టు నుంచి దించిన కల్లు వేరు, మత్తు మందు కలిపిన కల్లు వేరు. తెలుగు ప్రాంతాల్లో కల్తీ కల్లులో డయజిపామ్, అల్ప్రాజొలమ్, క్లోరల్ హైడ్రేట్ పట్టుబడటం కొత్త కాదు. రోజూ అదే దుకాణంలో తాగే మనిషి దుకాణం మూతపడిన రెండు మూడు రోజులకు ఫిట్స్‌తోనో, పిచ్చి చూపులతోనో ఆసుపత్రికి వచ్చాడంటే తాగినదాంట్లో మత్తు మందు ఉందని అర్థం. డాక్టరుకు "కల్లు" అని మాత్రమే కాక, ఏ దుకాణానిదో కూడా చెప్పండి.

నకిలీ మద్యం తాగినట్టు ఎలా తెలుస్తుంది?

రుచి, వాసన చూసి తెలుసుకోలేరు. ప్రాణం తీసేది మిథనాల్, అంటే పరిశ్రమల్లో వాడే స్పిరిట్. అది ఒంట్లోకి వెళ్లి ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని కాల్చేస్తుంది. ఇది అంత ప్రమాదకరం కావడానికి కారణం ఆలస్యంగా బయటపడటమే. తాగిన రాత్రి మామూలు మత్తులాగే ఉంటుంది. 12 నుంచి 24 గంటల తర్వాత కడుపు నొప్పి, వాంతులు, ఆయాసం, కళ్ల ముందు మంచు కురుస్తున్నట్టు మసక మొదలవుతాయి. మామూలు మద్యం కూడా కలిపి తాగి ఉంటే ఇంకా ఆలస్యం అవుతుంది. "నిన్న తాగింది దిగలేదు, పడుకోనీ" అనుకున్న ఇళ్లలో ఆ మధ్యాహ్నానికే చూపు పోతుంది.

చూపు మసకగా ఉందన్న మరుక్షణం పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఊళ్లో డాక్టరు దగ్గర ఆగకూడదు. విరుగుడు, డయాలసిస్ రెండూ ఉన్నచోటే దీనికి వైద్యం. సీసాలో మిగిలిన మందు, మూత, లేబుల్ తీసుకెళ్లండి. అన్నింటికన్నా ముఖ్యం, అదే సీసాలో పంచుకుని తాగినవాళ్లందరినీ, ఏ బాధా లేకపోయినా వెంట తీసుకెళ్లండి. వాళ్లకు ఇంకా సమయం ఉంది. "మద్యమే విరుగుడు" అని ఎక్కడో విని ఇంట్లో పట్టించొద్దు. ఆసుపత్రిలో మోతాదు లెక్కకట్టి, రక్త పరీక్ష చూస్తూ ఇచ్చేది వేరు.

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. 2020లో దుకాణాలు మూసిన రోజుల్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా పోయారు. 2025 అక్టోబరులో పాత చిత్తూరు జిల్లాలోని ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ కేంద్రమే బయటపడింది. ఆ తర్వాత ఎక్సైజ్ శాఖ తెచ్చిన సురక్ష యాప్‌తో సీసా మీది కోడ్ స్కాన్ చేసి అసలుదో కాదో చూడొచ్చు. మూత సీలు చెదిరి ఉన్నా, లూజుగా పోసి అమ్మినా ముట్టుకోవద్దు.

ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్పించేముందు ఏం చూడాలి?

రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కిస్తుంది, కాబట్టి ఈ కేంద్రాలకూ అది వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారికే 5,000 నుంచి 50,000 రూపాయల వరకు జరిమానా. సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తారో, రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో అడగండి. ఈ రెండో ప్రశ్నకు తడబడితే వెనక్కి వచ్చేయండి.

గొలుసులతో కట్టడం, బలవంతంగా గుండు కొట్టించడం, కూలి ఇవ్వకుండా పని చేయించడం ఈ చట్టం ఒప్పుకోదు. రోగి ఇష్టం లేకుండా చేర్చాలంటే రోగి తరఫున నిర్ణయాల్లో సాయపడే నామినేట్ అయిన ప్రతినిధి దరఖాస్తు ఉండాలి, ఒక సైకియాట్రిస్టు, మరో వైద్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి, అలా చేర్చినా మొదట 30 రోజుల వరకే. "వ్యాను పంపుతాం, నిద్రలో ఎత్తుకొచ్చేస్తాం" అనే చోటికి మీ మనిషిని పంపొద్దు. దాన్ని వైద్యం అనరు.

పురుగుమందు మింగారు లేదా మీద పడింది. ఆసుపత్రికి చేరేలోపు ఏం చేయాలి?

మీద పడితే తడిసిన బట్టలు వెంటనే తీసేసి, తల వెంట్రుకలతో సహా సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడగండి. కడిగేవాళ్లు చేతులకు ప్లాస్టిక్ కవర్లైనా తొడుక్కోవాలి. మింగితే ఉప్పునీళ్లు, పేడనీళ్లు పట్టించి వాంతి చేయించొద్దు. మత్తులో ఉన్న మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 పిలవండి.

డబ్బా తప్పకుండా తీసుకెళ్లండి. లేబుల్ మీది త్రికోణం రంగు విష తీవ్రతను చెబుతుంది. ఎరుపు అన్నిటికన్నా తీవ్రం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. విరుగుడు పేరు కూడా అక్కడే ఉంటుంది. ఎయిమ్స్ జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో ఎప్పుడైనా సలహా ఇస్తుంది. ఎలుకల పేస్టు విషయంలో మొదటి రోజు మనిషి మామూలుగా కనిపించవచ్చు, కాలేయం దెబ్బతినేది తర్వాతి రోజుల్లో. "బాగానే ఉన్నాడుగా" అనుకుని డాక్టరు మాట కాదని ఇంటికి తీసుకెళ్లొద్దు.

కావాలనే మింగినా కేసు భయంతో దాచొద్దు. అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి వైద్యం, ఆదరణ ఇవ్వాలని 2017 చట్టంలోని సెక్షన్ 115 చెబుతుంది. ఆసుపత్రి మెడికోలీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా రాసుకోవడం మామూలు పద్ధతి. అన్నంత పనీ చేస్తాడని అనుమానం ఉన్న ఇంట్లో పురుగుమందు డబ్బాలను తాళం వేసిన పెట్టెలో, తాళం వేరే మనిషి దగ్గర ఉంచడం ప్రాణాలు కాపాడుతుంది. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచడం వెంటనే మానేయండి, పిల్లలు తాగేస్తారు.

మామిడి కాయలకు కార్బైడ్ వేయడం నిజంగా నేరమా?

నేరమే. ఆహార భద్రత నిబంధనల ప్రకారం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం నిషేధం. అందులో ఆర్సెనిక్, ఫాస్పరస్ ఆనవాళ్లుంటాయి. మాగబెట్టే గదిలో 100 పీపీఎం వరకు ఇథిలీన్ వాయువు వాడటానికి అనుమతి ఉంది. తొక్క అంతా పసుపుగా ఉండి, కోస్తే లోపల తెల్లగా పుల్లగా ఉంటే, పెట్టె అడుగున కాగితపు పొట్లాల్లో బూడిద లాంటి పొడి కనిపిస్తే అనుమానించండి.

బడి పక్కన కొట్లో సిగరెట్లు, గుట్కా అమ్ముతున్నారు. పిల్లలు వైట్‌నర్ కూడా పీలుస్తున్నారు.

విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్లు నిండనివాళ్లకు ఎక్కడా అమ్మకూడదు. అది 2003 నాటి పొగాకు చట్టం. అంతకన్నా గట్టిది బాలల న్యాయ చట్టంలోని సెక్షన్ 77. పిల్లలకు మద్యం, మత్తు మందు, పొగాకు ఇస్తే ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఫిర్యాదులో ఈ సెక్షన్ పేరు రాయండి. మత్తు మందుల అమ్మకం గురించి రాష్ట్ర పోలీసుల మత్తు నిరోధక విభాగమైన ఈగల్‌కు 1972 నంబరులో చెప్పొచ్చు.

జాతీయ సర్వేలో పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన ఒకే ఒక మత్తు ఈ పీల్చే రకం. పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. పీలుస్తున్న పిల్లాణ్ని చూస్తే అరవొద్దు, తరమొద్దు. ఆ రసాయనం గుండెను ఎంత సున్నితం చేస్తుందంటే, హడలిపోయి పరుగెత్తితే గుండె లయ తప్పి అక్కడికక్కడే కూలిపోవచ్చు. మెల్లగా పక్కన కూర్చోబెట్టి, గాలి ఆడేచోటికి తీసుకెళ్లండి.

ఇంత చేటు చేసే మద్యాన్ని ప్రభుత్వం ఎందుకు నిషేధించదు?

మత్తు పానీయాల నిషేధానికి కృషి చేయాలని రాజ్యాంగంలోని 47వ అధికరణ చెబుతోంది. కానీ అది ఆదేశిక సూత్రం, కోర్టు ద్వారా అమలు చేయించలేం. మద్యం రాష్ట్రాల అధికారంలోది, మాదకద్రవ్యాలు కేంద్ర చట్టం కిందివి. మన రాష్ట్రంలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. సరిహద్దుల నుంచి సరుకు రావడం, ఖజానాకు రాబడి తగ్గడం అందుకు చెప్పిన కారణాలు. కుప్పం, పలమనేరు, నగరి దాటితే పక్క రాష్ట్రాలే కాబట్టి మన జిల్లాలకు ఇది మరీ వర్తిస్తుంది.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. దుకాణాల సంఖ్య, అమ్మే వేళలు తగ్గిస్తే తాగుడు తగ్గుతుంది. కానీ రోజూ తాగే లక్షల మందికి చికిత్స పడకలు సిద్ధం చేయకుండా దుకాణం మూస్తే వాళ్లు శానిటైజర్ వైపు వెళ్తారని 2020 చూపించింది. ఎక్సైజ్ రాబడిలో ఒక నిర్దిష్ట భాగం ప్రతి జిల్లా ఆసుపత్రిలో డీఅడిక్షన్ వార్డుకు వెళ్లాలి. మీ ఎమ్మెల్యేను అడగాల్సింది అదే.

చికిత్స చేయించాం, ఆరు నెలలకు మళ్లీ తాగాడు. ఇక లాభం లేనట్టేనా?

అలా అనుకోవద్దు. వారం పది రోజుల వార్డు చికిత్స ఒంట్లోని మత్తును దింపుతుంది, తాగాలన్న తపన అంతటితో పోదు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు ఆ తపనను తగ్గిస్తాయి. వాటిని నెలల తరబడి వాడాలి. కనీసం ఏడాది ఫాలోఅప్‌కు వెళ్లాలి. చాలామంది రెండో నెలలోనే "బాగయ్యాడు" అని ఆపేస్తారు. మళ్లీ తాగాడంటే ఆ వారంలోనే తీసుకెళ్లండి, ఎంత త్వరగా వెళితే అంత తేలిక. బీపీ తిరగబెడితే మందు మార్చుకున్నట్టే ఇదీ.

ఓపీకి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి? తాగకుండా తీసుకెళ్లాలా?

ఆధార్ కార్డు, పాత చీటీలు, వేసుకుంటున్న బిళ్లల స్ట్రిప్పులు, బీపీ, షుగర్ ఉంటే ఆ కాగితాలు. ఒక తెల్లకాగితం మీద రోజుకు ఎంత, ఎన్నేళ్ల నుంచి, చివరిసారి ఏ రోజు ఏ టైంకు తాగాడో, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయో రాసుకోండి. రోజూ ఎక్కువగా తాగేవాణ్ని బలవంతంగా ఒక రోజంతా ఆపి తీసుకురావద్దు, దారిలోనే ఫిట్స్ రావచ్చు. ఉదయాన్నే బయల్దేరండి, తోడుగా ఇద్దరు ఉండండి, అడ్మిట్ చేస్తే సరిపడేలా రెండు జతల బట్టలు, ఒక దుప్పటి సంచిలో పెట్టుకోండి.